మూడో గోల్ మీదే, మిగతా రెండూ కావు

ప్రశ్న:

నమస్తే సార్. నాకు 31 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆదివారాలు మా కాలనీ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడతాను. నిజానికి నేను లెఫ్ట్ బ్యాక్‌ని, అంటే ఎడమవైపు డిఫెండర్‌ని. మా పాత కీపర్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, "పొడుగున్నావు కదా, ఓ రెండు మ్యాచ్‌లు నిలబడు" అన్నాడు కెప్టెన్. ఆ రెండు మ్యాచ్‌లు మొదలై 14 నెలలైంది.

పోయిన నెల మా ఏరియా నాకౌట్ టోర్నీ సెమీఫైనల్లో 3–2తో ఓడిపోయాం. మొదటి గోల్: మా స్టాపర్, అంటే మధ్యలో ఆడే డిఫెండర్, బాక్స్ ముందు డ్రిబుల్ చెయ్యబోయి బంతి పోగొట్టుకున్నాడు. వాళ్ల ఫార్వర్డ్ ఒక్కడే వచ్చాడు. నేను ముందుకెళ్లాను, పక్కనుంచి తోసేశాడు. రెండోది కార్నర్. పెనాల్టీ స్పాట్ దగ్గర ఖాళీగా నిలబడ్డవాడు తలతో కొట్టాడు. మూడోది ఇంకో ఐదు నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుందనగా పడింది. చాలా దూరం నుంచి నేలబారుగా కొట్టాడు. మాది మొరం గ్రౌండ్. బంతి నా ముందు పడి లేచి, చేతుల కిందనుంచి, కాళ్ల మధ్యలోంచి పోయింది.

ఫస్టాఫ్‌లో ఒకటి ఆపాను సార్. పై మూలకి వెళ్తున్న బంతి. వెనక్కి రెండడుగులు వేసి ఎగిరితే వేళ్ల చివర తగిలి బార్ మీదుగా పోయింది. పడ్డప్పుడు మోచెయ్యి గీరుకుపోయింది, నొప్పి కూడా తెలియలేదు. గ్లౌజుకి బంతి తగిలిన ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. దాన్నెవ్వరూ వీడియో తియ్యలేదు. మూడో గోల్ మాత్రం తీశారు. కామెడీ మ్యూజిక్ కలిపి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దానికి మా సొంత బావే మూడు నవ్వు బొమ్మలు పెట్టాడు. 2–2 ఉన్నప్పుడు మా ఫార్వర్డ్ ఖాళీ గోల్ ముందు బంతిని బయటికి తన్నాడు. వాడినేమో "బ్యాడ్ లక్ రా" అన్నారు. నన్నేమో "గేటు తీసిపెట్టాడు" అంటున్నారు.

మూడో గోల్ పడ్డాక బంతి పోస్టు వెనక ముళ్లకంపలోకి పోయింది. మా పోస్టులకి నెట్ లేదు. నేనే వెళ్లి తెచ్చాను. తిరిగొచ్చేసరికి మావాళ్లందరూ అటు తిరిగి సెంటర్లో నిలబడి ఉన్నారు.

పడుకుంటే అదే గోల్ కళ్లముందుకొస్తోంది. మా ఆరేళ్ల పాప కూడా "నాన్నా, బాల్ నీ దగ్గరికే వచ్చింది కదా, ఎందుకు పట్టుకోలేదు?" అని అడిగింది. కీపింగ్ మానెయ్యమంటారా? ఈ జనానికి ఏం జవాబు చెప్పాలి?

— పేరు వద్దన్న పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు:

మీరు సూటిగా అడగలేదు గానీ, మీ ఉత్తరమంతా అడుగుతున్నది ఒకటే: తప్పు నాదా, కాదా? ముందు అది తేల్చేద్దాం. మూడో గోల్ మీదే. దానికి రాయినో గ్రౌండ్‌నో అడ్డం పెట్టుకోకండి. మొదటిది మీది కాదు. రెండోది కూడా కాదు, కాకపోతే అందులో మీకొక పని మిగిలిపోయింది, అది తర్వాత చెప్తాను.

నాకీ తీర్పులిచ్చే అర్హత ఎక్కడిదంటారా? కాలేజీలో మూడేళ్లు, తర్వాత ఆఫీసు టీమ్‌లో ఎనిమిదేళ్లు పోస్టుల మధ్య నిలబడ్డాను. నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ నిటారుగా రాదు. టీ గ్లాసు పట్టుకుంటే అదొక్కటే పక్కకి చూస్తూ ఉంటుంది. 19 ఏళ్లప్పుడు ఒక టోర్నమెంటులో నాకూ అచ్చం మీలాంటి గోలే పడింది. కాళ్ల మధ్యలోంచే. గ్రౌండ్ పక్కన టీ కొట్టాయన ఆ సాయంత్రమే నాకు "సొరంగం" అని పేరు పెట్టేశాడు. ఆ తర్వాత రెండేళ్లు టీ తాగడానికి ఇంకో వీధికి పోయాను. ఆయన కొట్లో సమోసాలు బాగుండేవి, ఆ నష్టం వేరే.

మొదటి గోల్ దగ్గరికి వద్దాం. కొలత ప్రకారం కట్టిన గోల్ 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉంటుంది. మీటర్లలో 7.32, 2.44. మొత్తం 192 చదరపు అడుగులు. మీ అపార్ట్‌మెంట్లో 12 బై 16 బెడ్‌రూం నేలని లేపి గోడలా నిలబెట్టి, దాని ముందు ఒక మనిషిని ఉంచి, "దీంట్లో ఎక్కడా బంతి పడకూడదు" అని చెప్పినట్టు. ఫార్వర్డ్ ఒక్కడే దూసుకొస్తుంటే కీపర్ చెయ్యగలిగింది ఒక్కటే. ముందుకెళ్లి, వాడి కంటికి ఆ గోడ తక్కువ కనపడేట్టు చెయ్యాలి. వెళ్తే పక్కనుంచి తోస్తాడు, లేదా తలమీదుగా లేపుతాడు. వెళ్లకుండా లైన్ మీదే ఉంటే తీరిగ్గా మూల చూసుకుని కొడతాడు. మీరు వెళ్లారు కాబట్టి "ఎందుకెళ్లాడు?" అని ఉంటారు. వెళ్లకపోయుంటే "గుంజలా నిలబడ్డాడు" అనేవారు. మీరు చేసింది సరైన పని. మీ స్టాపర్ అక్కడ డ్రిబుల్ చెయ్యకుండా బంతిని పక్క లైన్ బయటికి తన్నుంటే ఆ గోల్ గురించి మనం మాట్లాడుకునేవాళ్లమే కాదు.

గుంజలా నిలబడటం అన్నాను కదా, దాని మీద ఇజ్రాయెల్ పరిశోధకులు 2007లో ఒక పేపరు అచ్చువేశారు. పెద్ద పెద్ద లీగుల్లోని 286 పెనాల్టీలు, అంటే కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే కిక్కులు, తీసుకుని చూశారు. కీపర్లు దాదాపు 94 శాతం సార్లు ఎడమకో కుడికో దూకారు. మధ్యలో ఆగింది 6 శాతం చిల్లర సార్లు. కొట్టేవాళ్లు మాత్రం దాదాపు 29 శాతం షాట్లు మధ్యకే కొట్టారు. కదలకుండా ఉంటేనే బంతి ఆపే అవకాశం ఎక్కువని లెక్క తేలింది. మరి ఎందుకు దూకుతున్నారు? ఏమీ చెయ్యకుండా నిలబడి గోల్ ఇస్తే మనసుకి ఎక్కువ కష్టంగా ఉంటుందట. దూకి ఇస్తే కనీసం ప్రయత్నించాడంటారు. నేనైతే దీన్ని ఇంకోలా చదువుకున్నాను. జీతాలు తీసుకుని ఆడే కీపర్లకే నలుగురేమనుకుంటారోనన్న భయం కాళ్లలోకి దిగిపోయింది. ఆదివారం ఆటగాళ్లం, మనమెంత?

పెనాల్టీ అంటే 11 మీటర్లు. కాలనీ కుర్రాడు ఓ మాదిరిగా గంటకి 80 కిలోమీటర్ల వేగంతో కొట్టాడనుకోండి, బంతి లైన్ చేరడానికి అర సెకను. అందులో కన్ను చూసి, కాలు కదలడానికే 0.2 సెకను పోతుంది. మిగిలింది 0.3. గట్టు మీద కూర్చున్నాయన పల్లీ నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టేలోగా అంతా అయిపోతుంది.

ఇక కార్నర్. గోల్ ముందు చిన్న పెట్టె ఉంటుంది, లైన్ నుంచి 5.5 మీటర్ల దాకా. అందులోకి గాల్లో వచ్చిన బంతి కీపర్‌దని ఆటలో అందరూ ఒప్పుకునే మాట. పెనాల్టీ స్పాట్ దానికి రెట్టింపు దూరం. ఎనిమిది మంది భుజాలు తోసుకుంటూ ఉన్నచోట మీరు అంత దూరం పరిగెత్తి పంచ్ చెయ్యాలనడం అత్యాశ. ఆ మనిషిని వదిలేసినవాడు మీ డిఫెండర్. కానీ ఒక మాట అడుగుతాను. కార్నర్ కొట్టే ముందు ఆ మనిషి ఖాళీగా ఉన్నాడని మీరు చూశారా? చూస్తే అరిచారా? గ్రౌండంతా కనపడేది మీ ఒక్కరికే. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినన్నాళ్లూ ఇంకొకరు అరిస్తే వినడం అలవాటై ఉంటుంది. ఇప్పుడు అరవాల్సింది మీరే. వస్తుంటే "కీపర్!" అనాలి. రావట్లేదంటే "క్లియర్!" అనాలి. పేరు పెట్టి, వీలైతే చొక్కా నంబరు పెట్టి పిలవాలి. మొదట్లో గొంతు పెగలదు, సిగ్గేస్తుంది. రెండు మ్యాచ్‌లు గొంతు బొంగురుపోయేలా అరిస్తే ఆ సిగ్గు పోతుంది. మీకు మిగిలిన పని అన్నానే, అది ఇదే.

మూడో గోల్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే బాగుచేసుకోగలిగింది అదే. మీరు రాసినదాన్నిబట్టి బంతిని చేతులతో మాత్రమే పట్టుకోబోయారు. పచ్చిక మీద అది చెల్లుతుంది. మొరం మీద చెల్లదు. అక్కడ నేలబారు బంతి ఏ గులకరాయి మీదైనా పడుతుందనే అనుకోవాలి, పడకపోతే అదృష్టం. చేతుల వెనక ఒళ్లు ఉండాలి. బంతి దారిలోకి ముందే పక్కకి జరగాలి. ఒక మోకాలు కొంచెం అడ్డంగా తిప్పి నేలకి ఆనించాలి, రెండో కాలి మడమకీ ఆ మోకాలికీ మధ్య బంతి దూరనంత దగ్గరగా. అరచేతులు పైకి, చిటికెన వేళ్లు రెండూ కలిసి. బంతి చేతుల్లోకి దొర్లగానే ఛాతీకి హత్తుకుని దాని మీదకి ముందుకి వాలిపోవాలి. చేతులు జారితే మోకాలు ఆపుతుంది, మోకాలు దాటితే తొడ ఆపుతుంది. చూడ్డానికి ఏం అందంగా ఉండదు. దీన్నీ ఎవరూ వీడియో తియ్యరు.

ఎవరినైనా స్నేహితుడిని పిలిచి 12 గజాల దూరం నుంచి గట్టిగా నేలబారుగా 30 బంతులు వెయ్యమనండి. గ్రౌండ్‌లో ఎక్కువ గతుకులున్న చోటే ఎంచుకోండి. నెల రోజులు చాలు.

ప్రాక్టీసు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన కాలనీ టీముల్లో కీపర్‌కి ప్రాక్టీసంటే ఏంటి? చివరి అరగంట అందరూ వరసగా నిలబడి, పది గజాల దూరం నుంచి వాడి మీద బాదుతారు. పై మూలకి పోతే "అబ్బా, ఏం షాట్!" అని చేతులు చరుచుకుంటారు. అది ఫార్వర్డ్‌లకి సరదా. కీపర్ ఆ అరగంటలో నేర్చుకునేది, గోల్ పడ్డాక బంతి తెచ్చివ్వడం ఒక్కటే. మీ కెప్టెన్‌ని ఆదివారానికి 20 నిమిషాలు మీకోసం విడిగా అడగండి. నేల బంతులు పది నిమిషాలు, కార్నర్లు పది నిమిషాలు. ఇవ్వనంటే, "అయితే ఇంకో కీపర్‌ని చూసుకో" అనడానికి మీకు హక్కుంది. ఇంకో కీపర్ దొరకడని ఆయనకీ తెలుసు.

డైవ్ మాత్రం మొరం మీద నేర్చుకోవద్దు. మోచెయ్యి గీరుకుపోయిందని సంబరంగా రాశారు, ఆ సంబరం నాకూ తెలుసు, కానీ మోచెయ్యి ముందు ఆనిస్తే భుజం పట్టేస్తుంది. ఇసుక మీదో టర్ఫ్ మీదో ముందు మోకాళ్ల మీద కూర్చుని పక్కకి పడటం, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి. నేలకి ముందు పిక్క, తొడ, నడుము పక్క, చివరికి భుజం తగలాలి. పొట్ట మీద పడకూడదు. మోచేతులకీ మోకాళ్లకీ ప్యాడ్లు కొనండి. గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి, పాతవి ప్రాక్టీసుకి, మంచివి మ్యాచ్‌కి. మ్యాచ్ ముందు అరచేతి రబ్బరుని కాస్త నీళ్లతో తడపండి, ఎండిపోయిన దానికన్నా పట్టు బాగుంటుంది. తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినట్టుంటే మాత్రం ఎవరేమన్నా బయటికి వచ్చెయ్యండి. 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ కీపర్ కరియుస్ రెండు ఘోరమైన తప్పులు చేశాడని ప్రపంచమంతా నవ్వింది. చంపేస్తామన్న బెదిరింపులు కూడా వచ్చాయి. కొన్ని రోజుల తర్వాత అమెరికాలో డాక్టర్లు పరీక్ష చేసి, ఆ మ్యాచ్‌లో తగిలిన దెబ్బకి అతని మెదడు అదిరిందని, చూపు మీద దాని ప్రభావం పడి ఉండొచ్చని చెప్పారు. అప్పటికే నవ్వాల్సినవాళ్లు నవ్వేశారు.

ఇక జనం సంగతి. బ్రెజిల్ కీపర్ బార్బోసా కథ అందరూ చెప్తారు, నేనూ చెప్తాను, కాకపోతే సాధారణంగా వదిలేసే భాగం చెప్తాను. 1950 జులై 16, రియోలో మరకానా స్టేడియం, దాదాపు 2 లక్షల మంది. ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా బ్రెజిల్‌దే ప్రపంచకప్. 1–1 ఉండగా 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిజ్జా కుడి పక్కనుంచి దూసుకొచ్చి, కీపర్‌కీ దగ్గర పోస్టుకీ మధ్యన ఉన్న సందులోకి కొట్టాడు. 2–1. బార్బోసా ఆ సందు ఎందుకు వదిలాడు? అంతకుముందు గోల్‌కి అదే గిజ్జా, అదే పక్కనుంచి, బంతిని మధ్యలోకి ఇస్తే ఇంకొకడు కొట్టాడు. ఈసారీ అలాగే ఇస్తాడని బార్బోసా ఒక్క అడుగు అటు జరిగాడు. బుర్ర పెట్టి వేసిన అడుగే అది. కానీ స్టేడియానికి కనపడింది సందు మాత్రమే. 2000లో చనిపోయేదాకా ఆయన్ని ఆ గోల్ వదల్లేదు. బ్రెజిల్లో ఏ నేరానికైనా గరిష్ఠ శిక్ష 30 ఏళ్లే, నేను 50 ఏళ్లుగా అనుభవిస్తున్నానని చివరి రోజుల్లో అన్నాడు.

మన దగ్గరి ముచ్చట కూడా ఉంది. 2022 మార్చి 20, గోవాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీకి కేరళ బ్లాస్టర్స్ ఎదురు. సెకండాఫ్‌లో రాహుల్ కేపీ కొట్టిన షాట్‌కి మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చెయ్యి తగిలింది కూడా, అయినా లోపలికే పోయింది. టీవీ ముందు నా పక్కన కూర్చున్న పెద్దమనిషి సోఫాలోంచి లేచి, ఇక్కడ రాయలేని మాట ఒకటి అన్నాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు. పెనాల్టీల షూటౌట్‌లో అదే కట్టిమణి మూడు ఆపాడు, 3–1తో కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. ఆ పెద్దమనిషే మళ్లీ లేచి "నేను ముందే చెప్పలా!" అన్నాడు. తవోరా కాలికి ఆ బంతి సరిగ్గా తగలకపోయుంటే? కట్టిమణి అదే మనిషి, అవే చేతులు. మన నోట్లో మాటే వేరేగా ఉండేది.

మీ ఫార్వర్డ్ ఖాళీ గోల్‌లో కొట్టలేకపోతే "బ్యాడ్ లక్" అనడం కూడా ఇందుకే. వాడు తప్పు చేసినా స్కోరు మారలేదు. మీరు తప్పు చేస్తే మారింది. చూసేవాళ్లు ఆట చూస్తున్నామనుకుంటారు గానీ చాలామంది చూసేది స్కోరు. అంతకుముందు పది సెకన్లలో బంతి ఎవరి కాలి దగ్గర పోయిందో మీ కాలనీలో ఒక్కరినైనా అడిగి చూడండి, చెప్పలేరు.

వాళ్లనే అనడం ఎందుకు, నేనూ తక్కువ తినలేదు. మా అన్న కూతురు స్కూల్ టీమ్‌లో కీపర్. ఆరేడేళ్ల క్రితం దాని మ్యాచ్‌కి వెళ్లాను. పదకొండేళ్లు పోస్టుల మధ్య నిలబడ్డవాణ్ని కదా, నోరూరుకోలేదు. "ముందుకి రా! ముందుకి రా!" అని లైన్ అవతల్నుంచి అరిచాను. పాపం, పిల్ల నా మాట విని వచ్చింది. బంతి దాని తల మీదుగా పోయి గోల్‌లో పడింది. ఇంటికెళ్లేటప్పుడు కారులో అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఏసీ బటన్లు తిప్పుతూ కూర్చున్నాను. ఇప్పటికీ దాని మ్యాచ్‌లకి వెళ్తాను, నోట్లో లవంగం వేసుకుని.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వీడియో కాదు, ముళ్లకంప. మూడో గోల్ పడ్డాక మీరొక్కరే కంపలోకి వంగి బంతి తీస్తుంటే, పదిమంది అటు తిరిగి నిలబడ్డారే, అది. బయటివాళ్లు ఏమన్నా మర్చిపోవచ్చు. ఆ పదిమందిలో ఒక్కడు వచ్చి భుజం మీద చెయ్యేసి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదని నా అనుమానం. కెప్టెన్‌తో మాట్లాడాల్సింది దీని గురించి. అందరి ముందూ కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. "మీరంతా నన్ను వదిలేశారు" అని కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి: నేను బంతి తెచ్చేసరికి మీరంతా అటు తిరిగి ఉన్నారు, నాకు కష్టమనిపించింది. ఇక మీదట గోల్ పడితే స్టాపర్లు ఇద్దరూ కీపర్ దగ్గరికి రావాలని, బంతి వాళ్లే తేవాలని పెట్టుకోండి. చందా వేసుకుని ఒక నెట్ కూడా కొనండి. నెట్ ఉంటే మీకు ముళ్లు తప్పుతాయి. పోస్టు పక్కనుంచి పోయిందా లోపలికి పోయిందా అన్న గొడవలు కూడా తగ్గుతాయి.

గ్రూపులో ఏం రాయాలంటారా? ఒక్క ముక్క: "మూడోది నాదే. మొదటి రెండింటి గురించి ఆదివారం గ్రౌండ్‌లో మాట్లాడుకుందాం." అంతే రాసి ఫోన్ పక్కన పెట్టెయ్యండి. రాత్రి పన్నెండింటికి లేచి, బాణం గుర్తులు గీసిన ఫోటోలు పెట్టి, స్టాపర్ ఎక్కడ నిలబడ్డాడో వివరించొద్దు. అలా చేసినవాణ్ని నేనొకణ్ని ఎరుగుదును. ఇప్పుడు ఆ గ్రూపులో ఆయన వివరణే పెద్ద జోకు. మీరు ఒప్పేసుకున్నాక వాళ్లకి లాగడానికి తోక మిగలదు. ఒకటి రెండు రోజులు ఇంకా నవ్వుతారు, తర్వాత ఎవరిదో పెళ్లి వీడియో వస్తుంది.

రాత్రి అదే గోల్ కళ్లముందుకొస్తోందన్నారు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. అకౌంట్స్ చూసే మనిషి, మీకిది తేలిక. ప్రతి గోల్‌కీ ఒక వరస. బంతి ఎక్కడ పోయింది, ఎవరి దగ్గర పోయింది, నేనెక్కడ నిలబడ్డాను, మళ్లీ అదే వస్తే ఏం చేస్తాను. ఆపినవి కూడా రాయండి, లేకపోతే ఖర్చులే రాసి జమలు రాయని పద్దు అవుతుంది. తలకాయలో తిరిగేది కాగితం మీద పడితే నాకైతే నిద్ర పట్టేది. గ్రౌండ్‌లో గోల్ పడ్డ వెంటనే ఏం చెయ్యాలంటే, ఒక గ్లౌజు పట్టీ విప్పి మళ్లీ బిగించండి. అది బిగించేదాకా తిట్టుకోండి. బిగించాక తర్వాతి బంతి.

మానెయ్యాలా అన్నది చివరికి వదిలేశాను. మీ ఉత్తరం మళ్లీ చదివి చూసుకోండి. ఓడిపోయిన మ్యాచ్ గురించి రాస్తూ కూడా, ఆ వేళ్ల చివర తగిలిన బంతి దగ్గర ఆగిపోయారు. ఎన్ని అడుగులు వెనక్కి వేశారో రాశారు, చప్పుడు ఎలా ఉందో రాశారు. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన రోజుల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ చప్పుడు ఇంకోసారి వినాలని ఉంటే ఉండండి. లేదు, నిజంగానే లైన్ వెంట పరిగెత్తడం మీదే మనసుంటే మళ్లీ లెఫ్ట్ బ్యాక్‌కి వెళ్లండి, అందులో పరువు తక్కువేం లేదు. జనం నోటికి జడిసి మాత్రం వెళ్లొద్దు. మధ్యలో చోటు మారడం అంటారా, మన సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి పైకొచ్చిన పీటర్ తంగరాజ్ కూడా మొదట సెంటర్ ఫార్వర్డే, తర్వాతే పోస్టుల మధ్యకి వచ్చాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో స్టేడియం మొత్తం మన జట్టుని గేలి చేస్తుంటే గోల్ కాసింది ఆయనే. దక్షిణ కొరియాని 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టుకి కోచ్ కూడా హైదరాబాదీయే, రహీం సాబ్.

పాపకి జవాబు తేలిక. "చెయ్యి జారిందమ్మా" అని చెప్పండి. ఆరేళ్ల పిల్లకి గ్లాసు జారడమంటే ఏంటో మనకన్నా బాగా తెలుసు.

బావకి మాత్రం మాటలతో చెప్పొద్దు. వచ్చే ఆదివారం టిఫిన్‌కి తీసుకెళ్తానని పిలిచి గ్రౌండ్ మీదుగా తీసుకెళ్లండి. పోస్టుల మధ్య నిలబెట్టి, మీ టీమ్‌లో మామూలుగా కొట్టే కుర్రాడితో పది బంతులు నేలబారుగా వేయించండి. మీ పాత గ్లౌజులు ఆయనకిచ్చి, వేళ్లు సరిగ్గా పెట్టుకున్నాడో లేదో చూసి మరీ పట్టీ బిగించండి. ఆయన వేలికేమన్నా అయితే మీ అక్క ఊరుకోదు.